చెంచాడు కన్నీళ్ళు

పేపర్లో వచ్చే ఆరోగ్యం పేజీని నీలాంబరి ఏనాడూ నమ్మలేదు. ఈ ఆదివారం కాఫీ గుండెకి మంచిదంటారు, వచ్చే ఆదివారం ఆ కాఫీయే కొంప ముంచుతుందంటారు. పిల్ల బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదువుతోంది కదా అని ఇంట్లోవాళ్ళు ఆ పేజీ తెచ్చి ఆమె ముందు పెట్టి, "ఇందులో ఏది నిజమో చెప్పవే" అనేవారు. "ఏదీ కాదు. ఇడ్లీలు చల్లారిపోతున్నాయి, తినండి" అనేది. అలాంటి పిల్ల ఆ ఆదివారం పేజీలో ఓ మూలనున్న చిన్న వార్త చదివి, ఇడ్లీ ముక్క చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏడిస్తే పుండు మానుతుంది!" అని శీర్షిక. ఎక్కడో ఉత్తరాదిన ఒక పరిశోధనశాలవాళ్ళు మనిషి కన్నీటిలో ఓ కొత్త పదార్థాన్ని కనిపెట్టి, దానికి రోదిన్ అని పేరు పెట్టారట. ఉల్లిపాయ తరిగితే వచ్చే నీళ్ళలో అది బొత్తిగా లేదు. చప్పుడు లేకుండా చెంపమీద జారే కన్నీళ్ళలో ఉందంటే ఉంది, అంతే. డొక్కలు అదిరేలా వెక్కి వెక్కి ఏడిస్తే మాత్రం దండిగా ఉంటుందట. నెలల తరబడి మానని పుండు మీద ఆ నీళ్ళు వేస్తే కొత్త చర్మం పుట్టుకొస్తోందట.

మానని పుండు ఆ ఇంట్లోనే, ఎదురుగా స్టూలు మీదే ఉంది. అది నీలాంబరి తండ్రి కోటిలింగం ఎడమ పాదం.

రాజమహేంద్రవరం చుట్టుపక్కల సన్నాయి కోటిలింగమంటే తెలియనివాళ్ళు తక్కువ. అప్పగింతలప్పుడు ఆయన ముఖారి రాగం అందుకున్నాడంటే పెళ్ళికూతురి తల్లే కాదు, మగపెళ్ళివారు కూడా జేబురుమాళ్ళు తీయాల్సిందే. మాఘమాసంలో ఒక పెళ్ళిలో హోమం దగ్గర నిప్పురవ్వ ఎగిరి ఆయన కాలిమీద పడింది. షుగరుతో పాదం మొద్దుబారిపోయి ఉండడంతో తెలియనే లేదు. మంగళసూత్రధారణ అయ్యేదాకా వాయించి, కిందికి చూసుకుంటే చర్మం కమిలి ఉంది. అదే పుండయింది. ముదిరితే పాదం తీసెయ్యాల్సి వస్తుందన్నాడు డాక్టరు. కూర్చుని కూడా సన్నాయి ఊదొచ్చు, నిజమే. కానీ ఎదురుకోలుకీ ఊరేగింపుకీ నడవలేని సన్నాయిని ఏ పెళ్ళివారు పిలుస్తారు?

"నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మకూడదన్నారు పెద్దలు. ఇప్పుడు ఏడ్చేవాళ్ళే డాక్టర్లంటావేంటే?" అన్నాడు కోటిలింగం, వార్త విని.

"ఇది నిజమో కాదో నేను తేల్చి చెప్తాను నాన్నా" అంది నీలాంబరి. మిగతా ఇడ్లీ తినకుండానే లేచింది.

ఆమెకి గైడు వసుంధర మేడమ్. కొత్త సంగతి కనిపిస్తే చిన్నపిల్లలా సంబరపడే మనిషి. ఉత్తరాదివాళ్ళకి రాసి, వాళ్ళ పద్ధతి తెప్పించుకుని, నీలాంబరి ప్రాజెక్టు కింద ఆ పని మొదలుపెట్టించింది. ఆసుపత్రిలో ఒక డాక్టరు తన దగ్గరున్న రోగుల మీద పరీక్షించడానికి ఒప్పుకున్నాడు. రోగులున్నారు, యంత్రాలున్నాయి, ఐసుపెట్టె ఉంది. లేనిది ఏడ్చేవాళ్ళే. విద్యార్థుల్ని కూర్చోబెట్టి విషాదాంత సినిమాలు చూపించారు. మగపిల్లలు ఆవులించారు. ఆడపిల్లలు కళ్ళు తుడుచుకున్నారుగానీ, పక్కవాళ్ళు చూస్తారని ఒక్కరూ చప్పుడు చెయ్యలేదు. అన్నీ బిగబట్టిన కన్నీళ్ళే.

"వేళకి, అందరి ముందూ, సిగ్గుపడకుండా భోరుమని ఏడ్చేవాళ్ళు కావాలంటే ఒక్క చోటే దొరుకుతారు మేడమ్" అంది నీలాంబరి. "అప్పగింతల్లో."

మేడమ్ డైరీ తెరిచి, "మంచిరోజు ఎప్పుడుందో మీ నాన్నగారిని అడుగు" అంది.

మండపేటలో పెళ్ళి. ఇరుపక్షాల పెద్దల అనుమతితో గురుశిష్యులిద్దరూ గాజుగొట్టాలు, ఐసుపెట్టె పట్టుకుని విడిదింట్లో దిగారు. పగలంతా పెళ్ళిభోజనం చేసి, పులిహోర బాగుందని మళ్ళీ వడ్డించుకుని, అప్పగింతల దాకా ఆగారు. కుర్చీలో కూర్చుని కోటిలింగం ముఖారి ఎత్తుకున్నాడు. పళ్ళెంలో పాలు పోసి, పెళ్ళికూతురి చేతులు ముంచి, ఆ తడి చేతుల్ని అత్తమామల చేతుల్లో పెడుతుంటే పందిరంతా ఒక్కసారిగా గొల్లుమంది. సైన్సు కోసమని తెలిసి పెళ్ళికూతురి మేనత్త మరీ శ్రద్ధగా ఏడ్చి, "సరిపోయిందామ్మా? ఇంకా కావాలా?" అని అడిగింది.

వార్త అబద్ధం కాదు. గొట్టాల నిండా రోదినే.

కానీ కోటిలింగం పుండు మీద వేస్తే ఏమీ కాలేదు. ఆసుపత్రిలో మిగతా రోగులకీ గుణం కనపడలేదు. ఒక్క ముసలమ్మకి మాత్రం పుండు అంచుల్లో గులాబీరంగు తిరిగింది. ఆవిడ ఆ పెళ్ళికూతురి నాయనమ్మే. ఆవిడకి వేసింది ఆవిడ కోడలి, అంటే పెళ్ళికూతురి తల్లి, కన్నీళ్ళు. ఆ పోలిక పట్టుకుంది నీలాంబరి. ఒకే కప్పు కింద, ఒకే గాలి పీలుస్తూ, అవే కంచాలూ అవే తువ్వాళ్ళూ వాడుకునేవాళ్ళ ఒంటిమీద బతికే సూక్ష్మజీవులు ఇంచుమించు ఒకటే. కన్నీరు ఆ ఇంటి క్రిముల్నే ఎరుగును, వాటితోనే పోరాడుతుంది. పొరుగింటి పుండు దానికి అర్థం కాదు. మళ్ళీ మళ్ళీ పరీక్షించి చూశారు. అదే నిజమని తేలింది. షుగరున్న రోగి సొంత కన్నీళ్ళలో మాత్రం రోదిన్ పుట్టదనీ తేలింది.

ఈసారి ఆరోగ్యం పేజీలో పైనే పడింది వార్త, నీలాంబరి పేరుతో సహా. వాళ్ళమ్మ సత్యవేణి ఆ పేజీ కత్తిరించి, దేవుడి గూటి పక్కన అంటించింది. నీలాంబరికి నేలమీద కాలు నిలవలేదు.

"అయితే మన ఇంట్లోవాళ్ళే ఏడవాలన్నమాట" అన్నాడు గవర్రాజు. అతను సత్యవేణి తమ్ముడు, కోటిలింగానికి డోలు వాయించేవాడు, ఆ ఇంట్లోనే మేడమీద గదిలో ఉండేవాడు. "ఆయ్, ఎవరేడుస్తారో తేల్చండి మరి."



ఊరందర్నీ ఏడిపించే ఆ ఇంట్లో ఏడ్చేవాళ్ళు ఒక్కరూ లేరు. అప్పగింతల పాట సాధన వినీ వినీ వాళ్ళకి చెవులు కాయలు కాశాయి. పక్కగదిలో ముఖారి మోగుతుంటేనే నీలాంబరి చిన్నప్పుడు ఎక్కాలు వల్లెవేసింది, సత్యవేణి పప్పు తాలింపు పెట్టింది. పైగా సత్యవేణికి ఏడుపు రావాల్సిన చోట కోపం వస్తుంది. గవర్రాజుకి నవ్వు వస్తుంది. ఇక నీలాంబరి తలుపేసుకుని కూర్చుని, కాలు లేని నాన్నని కళ్ళముందుకి తెచ్చుకుని మరీ ప్రయత్నించింది. పళ్ళు బిగుసుకున్నాయి. కన్నీళ్ళు మాత్రం రాలేదు. రాకపోతే ఎలా అని తన మీద తనకే కోపం వచ్చింది.

"బావా, పిల్లని నువ్వు గట్టిగా నాలుగు తిట్టు. అదే వస్తుంది" అని సలహా ఇచ్చాడు గవర్రాజు.

"నా కాలు కోసం నా పిల్లని ఏడిపించనా?" అన్నాడు కోటిలింగం. ఆయన అంత గట్టిగా మాట్లాడడం ఎవరూ ఎన్నడూ వినలేదు. "ఆ కాలు తీసుకెళ్ళి గోదాట్లో పారెయ్యండి, నాకక్కర్లేదు."

కానీ అందరిళ్ళలోనూ కోటిలింగాలు ఉండరు.

గోడకవతల ఇల్లు రాజ్యంగారిది. ఆవిడకీ షుగరే, పిక్కమీద పుండు. కొడుకు చలపతి, కోడలు సుభాషిణి. వార్త వచ్చిన వారానికే ఆ ఇంట్లోంచి రోజూ దీపాలవేళకి కేకలు మొదలయ్యాయి. ముందు చలపతి గొంతు, తర్వాత రాజ్యంగారి గొంతు, ఆ తర్వాత సుభాషిణి ఏడుపు. ఆ వెంటనే అంతా సద్దుమణిగేది. "దీపాలవేళ ఆడపిల్ల ఏడుపేవిటి, ఆ ఇంటికి అరిష్టం కాదూ?" అని సత్యవేణి గోడకేసి చూసి మండిపడేది.

ఒకరోజు పెరుగు తోడుకోసం వచ్చిన సుభాషిణి కళ్ళు చూసి నీలాంబరికి సంగతి అర్థమైంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఎడమ కంటి కింద చెంచా అంచు నొక్కుకున్న గీత ఉంది.

"వదినా, ఎందుకు ఊరుకుంటున్నావ్?"

"ఏం చెయ్యమంటావ్ నీలూ? పుండు మానుతోంది. కళ్ళారా చూస్తున్నాను కదా" అంది సుభాషిణి. "ఆవిడ బాధ చూళ్ళేను. అడిగితే నేనే ఏడుద్దును. అడిగితే రాదుగా? అందుకని ఈయన మా నాన్న సంగతి ఎత్తుతారు." సుభాషిణి తండ్రి పోయి ఏడాదైంది. ఆఖరి చూపుకి ఆమె అందుకోలేకపోయింది. "మొదట్లో ఒక్క మాటంటే వచ్చేసేది. ఇప్పుడు అలవాటైపోయింది. చాలా అనాల్సొస్తోంది ఆయనకి." అని తోడు గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

నీలాంబరి దేవుడి గూటి దగ్గరికెళ్ళి ఆ పేపరు ముక్క మళ్ళీ చదివింది. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ మందు పనిచేస్తుంది. పనిచేస్తుంది కాబట్టే ఇంత ఘోరం జరుగుతోంది. ఏ ఇంట్లోనైనా ఏడిపిస్తే ఎవరు ఏడుస్తారు? ఎదురు చెప్పలేనివాళ్ళే కదా! ప్రయోగశాలలో తట్టని ఈ ముక్క పెరుగు గిన్నె దగ్గర తట్టింది ఆమెకి. కానీ ఏం చెయ్యాలో తట్టలేదు. మేడమ్‌కి చెప్తే ఆవిడ తల పట్టుకుని, "మనం ఆపమంటే మాత్రం ఆపుతారా నీలాంబరీ? వేరే దారి చూపిస్తేనే ఆపుతారు" అంది.

ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, సన్నాయికి పని లేదు. కోటిలింగం చిటికెనవేలు నల్లబడితే తీసేశారు. శ్రావణం వచ్చేసరికి పుండు తగ్గుముఖం పట్టకపోతే మడమ దాకా తీసెయ్యాలన్నాడు డాక్టరు. కోటిలింగం సన్నాయిని తుడిచి, పీక విప్పి, గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టేశాడు. అది చూశాక గవర్రాజు కూడా నవ్వడం మానేశాడు.

రెండు రోజులాగి అతనే ఒక ఉపాయంతో మేడ దిగాడు. "బావా, ఊరందరి పిల్లల అప్పగింతలూ చూశాం గానీ, మన పిల్ల అప్పగింతలు చూళ్ళేదు కదా? ఉత్తుత్తికే చేద్దాం. అదీ రాకపోతే ఇక మనకి కన్నీళ్ళే లేవనుకుందాం."

కోటిలింగం బీరువా మీదున్న గుడ్డమూటకేసి చూశాడు. "నీలూ నిజం పెళ్ళికి నేను వాయించలేను" అన్నాడు చివరికి. "కన్నతండ్రి చేతులు పాలపళ్ళెంలో ఉంటాయి గానీ సన్నాయి మీద ఉండవు. నా పిల్లకి ఎవరో వాయిస్తుంటే వింటూ నించోవాలి. సరే, ఈ ఒక్కసారి నేనే వాయిస్తాను. ఆ సన్నాయి దింపండి."

ఆ మాటకే ఏడుపు వచ్చేస్తుందనుకుంది నీలాంబరి. రాలేదు.

భోజనాలయ్యాక వసారాలో చాప పరిచారు. పేరంటాలు లేకుండా అప్పగింతలేమిటని సత్యవేణి సుభాషిణిని కేకేసి కూర్చోబెట్టింది. నీలాంబరి అమ్మ పట్టుచీర కట్టుకుంది. మగపెళ్ళివారి తరఫున అత్తగారు గవర్రాజే. ఎర్ర తువ్వాలు తలమీద కప్పుకుని, మూతి మూడువంకర్లు తిప్పుకుని కూర్చున్నాడు. కోటిలింగం కాలు స్టూలు మీద పెట్టుకుని ముఖారి ఎత్తుకున్నాడు. ఎంత బాగా వాయించాడంటే, ఊరికే వింటున్న సుభాషిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్యవేణి కూతురి చేతులు పాలలో ముంచి గవర్రాజు చేతుల్లో పెట్టింది.

"అమ్మా వదినగారూ, మా పిల్లని మీ చేతుల్లో పెడుతున్నాం" అని మొదలుపెట్టింది. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ సత్యవేణికి అబద్ధం ఆడడం చేతకాదు. "ఇది ఎండ మొహమ్మీద పడితేగానీ లేవదు. కాఫీ తనే కలుపుకుంటానంటుంది, వినకండి, పాలు పొంగబెడుతుంది. ఉప్పు డబ్బామీద సోడియం క్లోరైడని చీటీ అంటించింది, వంటసోడా మీద ఇంకేదో అంటించింది. ఆ చీటీలు చదవలేక మొన్న పులుసులో..."

"ఆయ్, అయితే మాకొద్దండీ" అన్నాడు గవర్రాజు తువ్వాలు సర్దుకుంటూ. "మీ పిల్లని మీరే ఉంచేసుకోండి. పట్టుచీర మాత్రం పట్టుకెళ్తాం."

సత్యవేణికి నిజంగానే ఒళ్ళు మండింది. "ఏరా! నా పిల్లకేం తక్కువరా? పేపర్లో పేరు పడ్డ పిల్లరా అది!" అంటూ పాలచేత్తో ఫెడీమని ఒక్కటిచ్చింది. గవర్రాజు నల్లటి బుగ్గమీద అయిదు వేళ్ళూ తెల్లగా అచ్చుపడ్డాయి.

అది చూసి కోటిలింగానికి ఊపిరి మధ్యలో నవ్వొచ్చింది. సన్నాయి ముఖారి వదిలేసి మేకపిల్లలా మే అంది. ఆపి మళ్ళీ ఊదబోతే మళ్ళీ మే అంది. అంతే. గవర్రాజు చాపమీద దొర్లాడు. సత్యవేణి కోపంగా ఉందామని చూసి, ఉండలేక, గోడకి చేరగిలబడి పడీపడీ నవ్వింది. సుభాషిణి, నెలల తరబడి నవ్వన్నది ఎరగని సుభాషిణి, "అమ్మా, నా వల్ల కాదు పిన్నిగారూ" అంటూ నేలమీద కూలబడిపోయింది. నీలాంబరి పొట్ట పట్టుకుంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, ఊపిరి అందడం లేదు, కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. పమిట చెంగుతో తుడుచుకోబోయి ఠక్కున ఆగిపోయింది.

డొక్కలు అదిరేలా. ఆ వార్తలో ఉన్న ముక్క అదే. బిగబట్టిన కన్నీళ్ళలో మందు లేదు, ఒళ్ళు కుదుపుకుంటూ వచ్చిన కన్నీళ్ళలో ఉంది. కుదుపు ముఖ్యమైతే, ఆ కుదుపు ఏడుపుదే కావాలని ఎవరన్నారు? ఎవరూ అనలేదు. రోదిన్ అని పేరు పెట్టారు కాబట్టి అందరూ ఏడుపే అనుకున్నారు.

"ఎవరూ కళ్ళు తుడుచుకోకండి!" అని అరిచి, పట్టుచీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని గాజుగొట్టాల కోసం లోపలికి పరిగెత్తింది. ఆ పరుగు చూసి వాళ్ళకి ఇంకా నవ్వొచ్చింది. అది మంచికే అయింది.

ఆ గొట్టాలు యంత్రంలో పెట్టిన మధ్యాహ్నం, తెరమీద లేచిన రోదిన్ గీతని వసుంధర మేడమ్ కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసింది. అప్పగింతల గీతకి ఇది ఏమాత్రం తీసిపోలేదు.

"ఇన్నాళ్ళూ నవ్వుని ఎందుకు పరీక్షించలేదే మనం?" అంది ఆశ్చర్యంగా.

"మండపేట పెళ్ళిలో తలంబ్రాలప్పుడు పందిరంతా పగలబడి నవ్వింది మేడమ్" అంది నీలాంబరి. "అప్పుడు మనం పులిహోర తింటున్నాం. అప్పగింతల దాకా గొట్టాలే పైకి తియ్యలేదు."

డాక్టరు అనుమతితో అదేరోజు కోటిలింగం పుండుకి నవ్వు కన్నీళ్ళు వేశారు. ఫలితం తేలేదాకా ఆగమంది మేడమ్. ఒక్క చోట మాత్రం ఆగలేనని చెప్పి, నీలాంబరి ఆ సాయంత్రమే గోడకవతల ఇంటికి వెళ్ళింది.

దీపాలవేళే. రాజ్యంగారు మంచంమీద, చెంచా చేతిలో పట్టుకుని ఉంది. చలపతి నోరు తెరవబోతున్నాడు. సుభాషిణి తల వంచుకుని స్టూలు మీద కూర్చుంది. నీలాంబరి గుమ్మంలో నించునే గబగబా అంతా చెప్పింది. నవ్వినా అదే మందు వస్తుందని, తన కళ్ళతో గీత చూశానని, ఇక ఈ ఇంట్లో ఎవర్నీ ఏడిపించక్కర్లేదని చెప్పింది.

చలపతి మొహం నల్లబడింది. "ముందే చెప్తే నేను ఆ మాటలన్నీ..." అని ఆగిపోయాడు. ముందే తెలిసినా అనకూడని మాటలవి. ఆ సంగతి అతనికీ తెలిసింది.

సుభాషిణి లేచి అత్తగారి చేతిలోంచి చెంచా తీసుకుంది. "మంచిదండీ అత్తయ్యా. రేపట్నుంచి మీరు నవ్వించండి, కన్నీళ్ళు నేనే పట్టి ఇస్తాను" అంది. ఆ గొంతులో కోపం లేదు, అలాగని కరుణా లేదు. "ఉత్తుత్తి నవ్వైతే పనిచెయ్యదు మరి. డొక్కలు అదరాలి."

శ్రావణమాసానికి కోటిలింగం పాదం మీద పాపాయి చర్మంలాంటి చర్మం వచ్చింది. పోయిన చిటికెనవేలు రాలేదు, రాదు. మిగతా పాదం ఆయనకి దక్కింది. ఈసారి ఆరోగ్యం పేజీ కత్తిరించిన సత్యవేణి, పాత ముక్క మీద కొత్త ముక్క అంటించింది. మొదటి ముహూర్తానికి పిలుపొచ్చింది. పట్టుపంచె కింద డాక్టరు వేసుకోమన్న నల్ల బూట్లు వేసుకుని కోటిలింగం వీధిలోకి దిగితే గవర్రాజు వెనకనుంచి, "బావా, సన్నాయిగారా, పోలీసాఫీసరుగారా?" అన్నాడు.

"నోర్ముయ్యరా, ఎదురుకోలుకి వేళైంది" అని నడవబోయిన కోటిలింగం రాజ్యంగారి కిటికీ దగ్గర ఆగాడు. తండ్రిని సాగనంపడానికి వచ్చిన నీలాంబరీ ఆగింది. లోపల దీపం పెట్టినట్టున్నారు. రాజ్యంగారి గొంతు వినిపిస్తోంది. జన్మలో ఎవర్నీ నవ్వించి ఎరగని ఆవిడ, తను కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారికి భయపడి గారెల పిండి గిన్నెతో సహా ధాన్యపు గాదెలో దాక్కున్న సంగతి చెబుతోంది. మధ్యలో మర్చిపోతోంది, మళ్ళీ వెనక్కెళ్ళి అందుకుంటోంది. చలపతి "అమ్మా, గారెలా, బూరెలా?" అని అందిస్తున్నాడు. చెప్పడం అయిపోయింది.

నవ్వు వినిపించలేదు. వారాలుగా ఆ చెంచా ఖాళీగానే ఉంటోందని నీలాంబరికి తెలుసు. సుభాషిణి నవ్వనని మొండికేయలేదు. ఆమెకి నవ్వు రావడం లేదు, అంతే.

అప్పుడు లోపల ముక్కులోంచి వచ్చిన చిన్న చప్పుడొకటి వినిపించింది. నవ్వు అనడానికి లేదు.

"కాస్త దగ్గరికొచ్చిందండీ అత్తయ్యా" అంటోంది సుభాషిణి. "ఇంకోటి చెప్పండి."